ఇచ్చిన పేరు

"కూర్చోండి, పిలుస్తారు" అని చెప్పి ఆఫీసు బంట్రోతు దానయ్య లోపలికి పోయాడు. లోపలికీ బయటికీ మధ్య ఉన్నది పూర్తి తలుపు కాదు, మోకాలి దగ్గర మొదలై గడ్డం దగ్గర ఆగిపోయే రెండు చెక్క రెక్కలు. అవి ఇంకా ఊగుతున్నాయి. కింది సందులోంచి తపాలా ఇన్‌స్పెక్టరు మల్లేశ్వరరావు గారి చెప్పులు, పై సందులోంచి తిరుగుతున్న ఫ్యాను కనిపిస్తున్నాయి, మధ్యలో మనిషి లేడు. నా పక్కన బల్ల మీద పాపారావు మావ. మా ఊరి పెద్ద. నాకు చుట్టరికం ఏమీ లేదు, మా పేటలో ఆ వయసు వాళ్ళంతా మావలే. నా కోసం చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు, ఆ సంగతి టెక్కలిలో దిగగానే చెప్పాడు కూడా. ఇప్పుడు నా చెవి దగ్గరికి వంగి, దారిపొడుగునా చెప్పిందే మళ్ళీ చెబుతున్నాడు. "తెలీక రాసీసినాను బాబూ అను. సదువుకున్న గుంటే గానీ పేటలో పుట్టి పేటలో పెరిగింది, దానికేటి తెలుత్తాది అని ఆయనే అనుకుంటాడు. అంతకుమించి నోరిప్పకు." తల ఊపాను. ఇవాళ ఈ చెక్క రెక్కల అవతల తేలేది ఒకటే, దిబ్బలపేట పోస్టాఫీసు నాకు ఉంటుందా పోతుందా. వానలు మొదలయ్యేటప్పుడు ఇచ్చారు, తాత్కాలికంగా, విచారణ పూర్తయ్యాక ఖాయం చేస్తామని. విచారణ పూర్తయింది. పోలీసుల కాగితం ఒకటి వచ్చింది, బ్యాంకు కాగితం ఒకటి వచ్చింది. ఎప్పుడైనా మీ మీద క్రిమినల్ కేసు నడిచిందా అన్న గడిలో నా చేత్తో నేను రాసిన "లేదు" ఆ రెండు కాగితాల మధ్య ఇరుక్కుని కూర్చుంది.

తెలీక. ఈ మాటని నాలుక మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను, ముల్లు ఎక్కడుందో తేలని చేప ముక్కలాగా. అంటే నమ్ముతారు, అందులో సందేహం లేదు. మా పేట వాళ్ళకి ఏమీ తెలియదని మందస నుంచి పలాస దాకా అందరికీ ముందే తెలుసు. రేషన్ డీలరుకి తెలుసు, బస్సు కండక్టరుకి తెలుసు, ఆసుపత్రిలో చీటీలు రాసే అమ్మాయికి తెలుసు. కానీ తెలియదని చెప్పే మనిషికి పోస్టాఫీసు ఎందుకు ఇవ్వాలి? చదివింది అర్థం కాలేదు బాబూ అని చెప్పుకుని, ఊరందరి ఉత్తరాలు చదివే పని నిలబెట్టుకోవాలా? ఈ మెలిక పాపారావు మావకి తట్టలేదా, తట్టినా మనకి ఇదే నప్పుతుందిలే అనుకున్నాడా? ఆయన మొహంలోకి చూశాను. గోడ మీద ఉన్న పొదుపు పథకాల బొమ్మ చూస్తున్నాడు, అందులో నవ్వుతున్న కుటుంబాన్ని, అమ్మ నాన్న ఇద్దరు పిల్లలు. వాళ్ళలో ఒక్కరికీ ఎండలో తిరిగిన రంగు లేదు. మా ఇంటి ముందు గదిలో కూడా ఇదే బొమ్మ ఉంది. దాని కింద నా బల్ల, బల్ల మీద తక్కెడ, తారీఖు ముద్ర. పొద్దున్నే అమ్మ వాకిలి ఊడుస్తుంటే నేను ముద్రలో అంకె మారుస్తాను. నిన్నటి అంకె తీసేసి ఇవాళ్టిది పెట్టడం, ఇంత చిన్న పని, చేస్తున్నప్పుడు మాత్రం ఊళ్ళో రోజుని నేనే మొదలుపెడుతున్నానని అనిపించేది. నేను అంకె తిప్పకపోతే దిబ్బలపేటలో ఇంకా నిన్నే. వెరావల్ నుంచి, పారదీప్ నుంచి మగవాళ్ళు పంపే మనియార్డర్లు నా బల్ల మీదకి వచ్చి ఆడవాళ్ళ చేతుల్లోకి వెళ్ళేవి. వేలిముద్ర వెయ్యడానికి వచ్చినప్పుడు ఆ వేళ్ళకి చేప పొలుసులు అంటుకుని ఉండేవి, ముద్రలో ఒక గీత తెల్లగా, ఖాళీగా పడేది. పొలుసుని గిల్లి తీసి మళ్ళీ వేయించేదాన్ని. "నీ పోస్టాపీసుకి మా సేపలు కూడా పనికిరావేటే?" అని వరహాలమ్మ అప్ప నవ్వేది. పనికిరావు అప్పా. మనిషి గుర్తులో మనిషే ఉండాలి. ఆ మాట నేనే అన్నాను, ఎంత తేలిగ్గా అన్నాను.

కేసు నడిచిందా? లేదు. రాసేటప్పుడు కలం ఆగలేదు. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు, అందుకే "తెలీక" అని చెప్పమంటున్నారు. కానీ తెలియకపోవడం కాదు, దాచడం కూడా కాదు. నాకు తెలిసిన తెలుగులో ఆ ప్రశ్నకి జవాబు "లేదు" అనే. కోర్టుకి వెళ్ళాను, నాలుగేళ్ళు వెళ్ళాను. పేటలో ఎవరైనా ఎక్కడికి పోతున్నావంటే అమ్మ ఏమని చెప్పేది, "ఊరి పని మీద ఎల్తంది" అని. లాయరు ఫీజు ఊరు ఇచ్చింది, బస్సు ఛార్జీ ఊరు ఇచ్చింది, వాయిదా రోజు పలాసలో హోటల్లో భోజనం ఊరి లెక్క. కొట్టేశారని తెలిసిన రోజు గంగమ్మకి మేక బలి పడింది, అది కూడా ఊరే. అది ఊరి కేసు. ఊరి బావి అన్నట్టు, ఊరి వల అన్నట్టు. ఊరి బావి మీదేనా అని అడిగితే ఎవరైనా అవునని రాస్తారా? ఆ ముక్క మల్లేశ్వరరావు గారికి ఎలా చెప్పాలి? ఆయన ఊళ్ళో కేసులు మనుషులవి అయి ఉంటాయి. ఒక మనిషికి ఒక కేసు, మనిషితో పుట్టి మనిషితో పోయేది, ఇంటిపేరులాగా.

పేరు ఇవ్వడం అంటాం మేము. బయటివాళ్ళకి దీన్ని విప్పి చెప్పాలి. పక్క ఊరు గెడ్డమొగ వాళ్ళకీ మాకూ వలల దగ్గర తగువు వచ్చింది, సముద్రంలో మొదలై ఒడ్డుకి వచ్చింది. వాళ్ళు మా వలలు కోశారు, మావాళ్ళు ఇసుకలో ఉన్న వాళ్ళ పడవ తగలబెట్టారు. సాయంత్రం జీపు వచ్చింది. ఇసుక దగ్గర దిగి నడుచుకుంటూ వచ్చిన ఎస్సై పాపారావు మావతో అన్నాడట, నాకు మనుషులు అక్కర్లేదు, పేర్లు కావాలి, పొద్దుటికి ఇవ్వండి అని. ఊరు మొత్తాన్ని తీసుకెళ్ళలేరు, ఎవరినీ తీసుకెళ్ళకుండా ఉండలేరు. అందుకని ఊరు తనలో తాను కూర్చుని పేర్లు ఏరుతుంది. ఏ పేరు పోతే ఏ పడవా ఆగదో ఆ పేరు. పెళ్ళాంబిడ్డలు లేనిది, ఉద్యోగం చూసుకోనిది, అడిగితే కాదనడానికి వెనక తండ్రి లేనిది. వలల పాకలో మగవాళ్ళు కూర్చున్నారు, ఆడవాళ్ళు బయట నిలబడ్డారు. మా అమ్మ బొడ్డమ్మ కూడా బయటే, బుట్ట చంకలో పెట్టుకుని. మా నాన్న అప్పటికే కాళ్ళు వాచి చనిపోయాడు, ఆ కిడ్నీల జబ్బు అప్పటికి ఉద్దానంలో ఉంది గానీ దానికి పేరు లేదు. ఆడపేర్లు ఒకటో రెండో ఉంటే బెయిలు బేగి వస్తుందని లాయరు చెప్పాడట. సంతకాలు చేసే మనిషి ఒకరుండాలని కూడా. అప్పుడు నా పేరు వచ్చింది. ఎవరి నోట వచ్చిందో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, బయటికి వినపడలేదంది. పాకకి గోడలు లేవు.

దీపాల వేళకి పాపారావు మావే ఇంటికి వచ్చాడు. కబురు పంపలేదు, తనే వచ్చాడు, చెప్పులు బయట విప్పి. "అమ్మా రజనీ, నీ పేరు ఊరికి కావాల" అన్నాడు, వాడకం నీళ్ళు ఒక బిందె కావాలన్నట్టు. నేను ఆ రోజు పడవ దగ్గర లేను మావా, మార్కుల కాగితం కోసం పలాస ఎల్లాను, అన్నాను. ఆయన ఎంతో ఓపిగ్గా నవ్వాడు. "ఉన్నోల్ల పేర్లే ఇత్తే దాన్ని పేరివ్వడం అంటారేటమ్మా? పట్టించీడం అంటారు." తర్వాత ఇంకో మాట అన్నాడు. "ఆడపిల్లవి, రేపు పెల్లయితే ఇంటిపేరే మారిపోతాది. ఈ పేరుతో నీకేటి పని? ఊరు నీకు రునపడి ఉంటాది." నేను సరే మావా అన్నాను. అప్పుడు నాకేమనిపించింది? భయం అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. భయం కాదు. ఇప్పుడు ఈ బల్ల మీద కూర్చుని తవ్వితే కిందనించి వస్తున్నది వేరే. గర్వం. మా ఊరికి నేను కావలసి వచ్చాను, మా గుమ్మంలో పెద్దమనిషి చెప్పులు విప్పాడు, తండ్రి లేని ఇంట్లో. ఆ గర్వంతో ఆ రాత్రి నిద్ర కూడా బాగానే పట్టి ఉంటుంది. మోసపోయానని అనుకోవడం సులువు, మోసపోతున్నప్పుడు సంతోషించానని ఒప్పుకోవడమే చెడ్డగా ఉంది.

దానయ్య టీ తెచ్చాడు, రెండు గాజుగ్లాసులు ఒక చేతి వేళ్ళలో ఇరికించి. "ఏ ఊరు బావా?" అని పాపారావు మావని అడిగాడు. చెప్పాడు. "ఓహో, ఉప్పుసేప ఊరా! మాకేటి తెచ్చినారు మరి, ఉత్త సేతులతో వచ్చీసినారా?" "పని అయితే పండుగప్ప సేపే తెత్తాను బావా, పనవనీ ముందు." "పని నా సేతిలో ఉంటే నాను టీ గలాసులెందుకు మోత్తాను?" ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు తెలిసింది, ఈయనకి ఇదంతా కొత్త కాదు. ఆఫీసు బల్లలు, చెక్క రెక్కలు, గ్లాసులు మోసేవాళ్ళు, లోపలున్నవాళ్ళు, ఎవరితో ఏ నవ్వు నవ్వాలో ఈయనకి తెలుసు. "ఈ గుంట మా కూతుర్లాటిది" అని నా భుజం తట్టి చెబుతున్నాడు దానయ్యకి, "పేటకంతటికీ ఈ గుంటే కళ్ళు." అబద్ధం చెప్పడం లేదు. అమ్మకి జ్వరం ముదిరినప్పుడు తన భుజం మీద మోసి రోడ్డుదాకా తెచ్చింది ఈ మనిషే. చెడ్డవాడైతే నాకు ఎంత హాయిగా ఉండేది. టీలో చక్కెర ఎక్కువైంది. ఎక్కడినుంచో వేగుతున్న జీడిగింజల కమురు వాసన వస్తోంది, అది వస్తే నాకు పలాసే గుర్తొస్తుంది, పలాస గుర్తొస్తే కోర్టు వరండా.

ఏడో ముద్దాయి. వరండాలో పేర్లు పిలిచేటప్పుడు నేను వింటున్నది రజని అన్న పేరు కాదు, ఏడు. ఏడో ముద్దాయి కిరసనాయిలు డబ్బా తీసుకొచ్చి పడవ మీద పోసెను. చదివినప్పుడల్లా అదే వాక్యం, ప్రతి ఏటా అదే గొంతు. మొదటి వాయిదాలో ఆ వాక్యం నాకు నవ్వు తెప్పించింది. మరుసటి ఏడాది నవ్వు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడో, ఏ రోజని చెప్పలేను, డబ్బా కమ్మీ అరచేతిలో గుచ్చుకున్నట్టు తెలిసింది. సన్నని ఇనప కమ్మీ, డబ్బా నిండుగా ఉంటే ఎలా కోస్తుందో అలా. ఇసుకలో అడుగులు దిగబడటం, డబ్బా మోకాలికి కొట్టుకోవడం, తొణికి పాదం మీద పడ్డ నూనె చల్లగా. నేను అక్కడ లేను. ఆ పూట నేను పలాస బడి మెట్ల మీద మార్కుల కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాను. కానీ ఆ మెట్లు తలుచుకుంటే ఇప్పుడు పొగమంచులో ఉన్నట్టు ఉంటాయి. ఎన్ని మెట్లో, నా వెనక ఎవరున్నారో, కాగితం ఇచ్చినది మాస్టారా గుమాస్తానా, ఏమీ రావు. డబ్బా మాత్రం స్పష్టంగా వస్తుంది. నా బతుకులో జరిగింది చెరిగిపోయి, జరగనిది నిలబడింది. లేని జ్ఞాపకాన్ని నాలో నాటి నాలుగేళ్ళు నీళ్ళు పోశారు, అది కాపుకొచ్చింది. చేశావా అని లోపల ఆయన అడిగితే లేదు అనడానికి నా నోరు ఒక క్షణం ఆగుతుంది. ఆ ఆగడం ఆయన చూస్తాడు. అలాంటివి చూడటానికే కదా వాళ్ళకి జీతం.

అసలు డబ్బా మోసిన చెయ్యి యువరాజుది. పాపారావు మావ కొడుకు. ఊరందరికీ తెలుసు, గెడ్డమొగ వాళ్ళకి కూడా తెలుసు. వాడు అప్పటికే కానిస్టేబులు పరుగు పందెం నెగ్గి ఉన్నాడు, రాతపరీక్ష ఫలితం రావాలి. మర్నాడు తెల్లారేసరికి పారదీప్ బంధువుల ఇంట్లో ఉన్నాడు. వాడికి ఉద్యోగం వచ్చాక విచారణకి పోలీసులు పేటకి వచ్చారు, వాళ్ళకి పాపారావు మావ కొబ్బరిబొండాలు కొట్టి ఇచ్చాడు, నేనూ గ్లాసులు కడిగి ఇచ్చాను. ఏ కేసూ లేదు, మంచి నడవడిక అని రాసుకుని పోయారు. వాడి కాగితంలోనూ ఆ గడి ఉండి ఉంటుంది. వాడూ అందులో "లేదు" అనే రాసి ఉంటాడు. వాడి "లేదు" నిజం, నా "లేదు" అబద్ధం. ఇద్దరం రాసింది ఒకే మాట. ఇప్పుడు సెలవుల్లో వస్తే మోటారు సైకిలు మా గుమ్మం ముందే ఆపుతాడు. "ఏటే పోస్టు మాస్టరమ్మా, ముద్దర అంత గట్టిగా గుద్దుతావు, మెల్లిగా గుద్దితే ఉత్తరం ఎల్లదేటి?" "మెల్లిగా గుద్దడానికి ఇది నీ లాఠీ కాదు బావా." పకపకా నవ్వుతాడు. ఆ నవ్వులో కల్మషం లేదు, అదే నాకు నిద్ర చెడగొట్టేది. దాచుకున్న మనిషి మొహంలో ఎక్కడో ఒక బీట ఉండాలి. వాడికి లేదు. వాడు మర్చిపోయాడు. వాడి జ్ఞాపకం నా దగ్గరకి వచ్చేసింది కదా, వాడి దగ్గర ఎలా ఉంటుంది? డబ్బా నేను మోస్తున్నాను, వాడి చేతులు ఖాళీ. ఖాళీ చేతులకి లాఠీ ఇచ్చారు. నాకు వచ్చిన ఒకే ఒక సంబంధం, సంతబొమ్మాళి వైపుది, ఏం కేసు అని అడిగి లేచి వెళ్ళిపోయింది. ఇంటిపేరు మారలేదు. ఈ పేరుతో నీకేటి పని అన్నారు, ఈ పేరు తప్ప నాకు ఇంకేమీ మిగల్లేదు.

బ్యాంకు కాగితం సంగతి ఇంకా విడ్డూరం. తుఫాను వచ్చి పడవలు పగిలిపోయాక ఆడవాళ్ళ పొదుపు సంఘం పేరు మీద అప్పు ఇస్తామన్నారు, అధ్యక్షురాలికి సంతకం రావాలన్నారు. మళ్ళీ గుమ్మంలో చెప్పులు విప్పిన చప్పుడు. అప్పు వచ్చింది, మగవాళ్ళ మోటార్లకి పోయింది, కొన్నాళ్ళు కట్టారు. తర్వాత ఎలచ్చన్లొత్తన్నాయి, మాపీ సేసీత్తారు, కట్టినోడు ఎర్రోడు అని పాకలో తేల్చారు. మాఫీ రాలేదు. నోటీసు వచ్చింది, దాన్ని సంచిలోంచి తీసి, ముద్ర కొట్టి, నాకు నేనే బట్వాడా చేసుకున్నాను. అక్షరం వచ్చినందుకు పోస్టాఫీసు ఇచ్చారు. అక్షరం వచ్చినందుకే కేసు ఇచ్చారు, అప్పు ఇచ్చారు. పేటలో అక్షరం రాని ఏ ఆడమనిషిని అడిగినా ఆవిడ కాగితం కడిగిన చేపలాగా తళతళలాడుతుంది. ప్రజల సొమ్ము పట్టుకునే పనికి ఆవిడంత యోగ్యురాలు లేదు, ఆవిడకి అది చదవడం రాదు, అంతే. ఊరు నాకు రుణపడి ఉంది. ఆ రుణానికి నోటీసు ఎవరు ఇస్తారు?

"రజని గారూ" అన్న పిలుపు లోపల్నుంచి వచ్చింది. గారు. పాపారావు మావ నా చెయ్యి నొక్కాడు. "తెలీక" అన్నాడు.

మల్లేశ్వరరావు గారు దగ్గరనించి చూస్తే అలసిపోయిన మనిషి. కాగితాలు నా వైపు తిప్పి పెట్టారు, నేను చదవగలనని నమ్మినట్టు. కుర్చీ ముందుకి జరుపుకున్నాను. "ఇది మీ రాతేనా?"

"నాదేనండి."

"ఇక్కడ లేదు అని రాశారు. పోలీసులు ఉందంటున్నారు."

"కొట్టేశారండి."

"కొట్టేశారమ్మా, నేనూ చూశాను. కొట్టేసిన కేసుతో నాకు పేచీ లేదు. ఉంది, కొట్టేశారు అని రాసి ఉంటే మీ ఫైలు ఎప్పుడో ఖాయమై వచ్చేది. లేదన్నారు చూడండి, అదీ సమస్య." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాలుగేళ్ళ కోర్టు నన్ను ఏమీ చెయ్యలేదు, నేను రాసిన ఒక్క మాట చేసింది. "తెలియక రాశారా? అలా అయితే అలాగే రాసి ఇవ్వండి, పైవాళ్ళతో మాట్లాడి చూస్తాను. ప్రయత్నం మాత్రమే, మాట ఇవ్వడం లేదు."

నేను తప్పుకోవడానికి దారి ఆయనే తెరిచి పెట్టారు. తెలీక అన్న మాట నాలుక చివరన ఉంది, తోస్తే చాలు. వెనక చెక్క రెక్కల కింద ఒక జత చెప్పులు కనిపిస్తాయని, వెనక్కి తిరక్కుండానే నాకు తెలుసు. బల్ల దగ్గరనించి లేచి వచ్చి నిలబడి ఉంటాడు, వినడానికి. "తెలిసే రాశానండి" అన్నది నా గొంతే. "అది నా కేసు కాదండి. ఊరిది."

"ఊరిదా?" బ్యాంకు కాగితం మీద వేలు పెట్టారు. "మరి ఇది?"

"అదీ ఊరిదేనండి. సంతకం నాది."

ఆయన నవ్వారు. వెక్కిరింత కాదు, ఏం చెయ్యాలో తోచని నవ్వు. "అన్నీ ఊరివే అయితే మీదేదమ్మా?"

పోస్టాఫీసు అండి. అది పైకి రాలేదు. దాని బదులు ఇంకేదో లోపల చాలా లోతునుంచి కదిలింది. ఇన్నేళ్ళూ అది కోపం అనుకున్నాను, కోపం కాదు, ఇంకా చల్లగా ఉంది. నా పేరు ఇచ్చినప్పుడు వాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో ఒకసారి నాకూ చూడాలనిపించింది, అంతే. పేరు ఇవ్వడం. ఎప్పుడూ ఇవ్వబడటమే, నేను ఎప్పుడూ ఇవ్వలేదు. "డబ్బా పట్టుకెళ్ళింది నేను కాదండి. యువరాజు. తండ్రి పాపారావు. ఇప్పుడు కానిస్టేబులు." స్పష్టంగా, కోర్టులో చదివినట్టు, తండ్రి పేరుతో సహా. చెబుతున్నంతసేపూ అరచేతిలో కమ్మీ కోస్తూనే ఉంది. చెప్పేస్తే పోతుందనుకున్నాను, పోలేదు.

మల్లేశ్వరరావు గారు రాసుకోలేదు. కలం మూత పెట్టారు. "ఇది నాకెందుకు చెప్పారమ్మా?" అన్నారు నెమ్మదిగా. "నేను పోలీసుని కాదు. కొట్టేసిన కేసు, మళ్ళీ ఎవరూ తెరవరు. వినడానికి నా దగ్గర చెవులున్నాయి గానీ రాసుకోవడానికి గడి లేదు." నా కాగితాలు దొంతి పెట్టి ఫైలు మూశారు. "తెలియక రాశానని అనేసి ఉండాల్సింది." ఇంకో కాగితం తీసి నింపడం మొదలుపెట్టారు. తాళాలు, తక్కెడ, ముద్ర, చేతిలో ఉన్న నగదు రేపు సబ్ పోస్టాఫీసులో అప్పగించి రసీదు తీసుకోవాలి, బోర్డు వాళ్ళే వచ్చి విప్పుకుంటారు. కింద సంతకం చెయ్యమన్నారు. చేశాను. బాగా కుదిరింది.

వెనక్కి తిరిగేసరికి చెక్క రెక్కలు ఊగుతున్నాయి. నేను ఇంకా వాటిని ముట్టుకోలేదు. బయట బల్ల ఖాళీ. పాపారావు మావ సగం తాగిన టీ అంచున ఉంది, ఈగ ఒకటి చక్కెర కోసం గ్లాసు చుట్టూ తిరుగుతోంది. దానయ్య నన్ను చూసి గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాడు. మెట్లు దిగాను. ఎండ. ఎవరో కొట్టుకి జీడిపప్పు డబ్బాలు దింపుతున్నారు, లోకం తన పని తాను చేసుకుంటోంది. ఒకరి చెవుల్లో పడాల్సిన పేరు ఇంకొకరి చెవుల్లో పడింది, రాసుకోవాల్సిన చోట రాయలేదు, రాసుకోకూడని చోట, రెక్కల అవతల విన్న మావ మనసులో, రాసుకున్నారు. ఉద్యోగం పోయింది అనుకుంటుంటే ఏమీ అనిపించడం లేదు, అది ఇంకా లోపల ఉన్న కుర్చీలోనే కూర్చుని ఉన్నట్టుంది, నా వెంట రాలేదు. వెంట వస్తున్నది వేరే. రేపు పొద్దున్న అంకె తిప్పేవాళ్ళు ఎవరు అని కాదు. రేపు పొద్దున్న వాకిలి ఊడుస్తున్న అమ్మని ఎవరు పలకరిస్తారు అని.

మా బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. జనం నిండిపోయి ఉన్నారు. నడిమి వరసలో కిటికీ పక్కన పాపారావు మావ, ఇస్త్రీ చొక్కా వీపు దగ్గర చెమటకి అంటుకుని. పక్క సీటు మీద తువ్వాలు పరిచి ఉంది. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణానికి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోను, అది నా కోసం ఆపాడనుకున్నాను. పెద్దమనిషి, చూడు, ఎంత జరిగినా ఆడపిల్లకి సీటు ఆపాడు అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. వెళ్ళి పక్కన నిలబడ్డాను. "మావా" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. మెడ మీద ఒక నరం కొట్టుకుంటోంది. కోపంగా లేడు. భయపడుతున్నాడని నాకు అప్పుడు అర్థమైంది, నన్ను చూసి, జీపు దిగిన మనిషిని చూసినట్టు. కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వచ్చాడు, నన్ను చూసి తువ్వాలు చూశాడు. "సీటు కాలీగుంటే నిలబడ్డావేటమ్మా? ఓ పెద్దాయనా, ఎవరికి ఆపినావు?"

"మా ఊరోల్లకి" అన్నాడు పాపారావు మావ.

"ఎక్కడెక్కుతారు?"

"ఎక్కుతారు."

కండక్టరు భుజాలు ఎగరేసి ముందుకు పోయాడు. పైనున్న కడ్డీ పట్టుకున్నాను. నౌపడా దగ్గర కొందరు దిగారు, పూండి దగ్గర కొందరు. మా ఊరివాళ్ళు ఎవరూ ఎక్కలేదు.